లస్కరు

రెండో సెమిస్టరు, నాలుగో పేపరు.
ఆధునిక ప్రపంచ చరిత్ర అని టైమ్‌టేబుల్లో ఉంటుంది గానీ
కాకినాడ ఉక్కలో, మధ్యాహ్నం రెండింటికి, కరెంటు పోయిన గదిలో
ప్రపంచమంటే పదకొండు మందిమి, ఒక జిరాక్సు కట్ట.

ఆ కట్టలో నూట నలభై మూడో పేజీ అడుగున
చీమ తలకాయంత అక్షరాల్లో ఫుట్‌నోటు:
లస్కర్లు. ఆవిరి ఓడల్లో బొగ్గు ఎత్తడానికి
తూర్పు రేవుల నుంచి తీసుకెళ్ళిన కూలి నావికులు.

పెన్ను మూసేశాను.
మా నాన్న లస్కరు.

ఓడ ఎక్కలేదు. యాళ్ల చిట్టబ్బాయి, ఇరిగేషన్ శాఖ,
లాకు పక్కన రేకుల షెడ్డు, ఒక టార్చిలైటు,
ముప్పై ఒక్క ఏళ్ళుగా తలుపులు ఎత్తడం, దించడం.
మా ఊళ్ళో "లస్కరు గారమ్మాయి" అంటే నేను.
ఆ మాట ఎక్కడిదో నేనెప్పుడూ అడగలేదు.
లాకు, పంటు, లంగరు,
ఇవి తెలుగు కావని చెప్పినవాళ్ళు లేరు,
చెబితే నమ్మేవాళ్ళమూ కాదు.

షమీమ్ మేడమ్ సుద్దముక్కతో దారి గీసింది.
పారశీకంలో లష్కర్ అంటే దండు.
పోర్చుగీసు వాడి నోట్లో పడి ఓడెక్కింది.
ఇంగ్లీషు వాడి పద్దుల్లో జీతం తగ్గింది.
ఫిరంగి లాగేవాడూ లస్కరే, గుడారం మోసేవాడూ లస్కరే.
గోదారికి ఆనకట్ట పడ్డాక కాలవగట్టు మీదా తేలింది.
"ఇక్కడితో ఆగిందా?" అంది, ఎందుకో నావైపే చూసి.
అంత దండూ కరిగి కరిగి
మా ఇంటి దండెం మీద ఖాకీ చొక్కాయై ఆరుతోందని
అనలేదు.
"తెలీదు మేడమ్" అన్నాను.

డిసర్టేషన్‌కి మూలాధారాలు కావాలి.
లండన్లో ఉన్న ఓడ జాబితా ఫోటోకి
పేజీకి ఇంత అని మెయిలొచ్చింది.
ఆ ఒక్క పేజీ నా మూడు నెలల బస్సు పాసు.
కోరంగి వెళ్ళాను. రేవు ఎక్కడని అడిగితే
మడ చెట్ల వైపు చెయ్యి ఊపాడొకాయన,
నిన్ననే లేచెళ్ళిపోయిన చుట్టం గురించి చెప్పినట్టు.

ఇంటికొచ్చి నాన్న పద్దు పుస్తకం తెరిచాను.
తేదీ. ఎగువ మట్టం. దిగువ మట్టం.
అన్నీ అడుగులు, అంగుళాలు;
దేశం మీటర్లలోకి మారిన కబురు మా కాలవకి అందలేదు.
చివరి గడి, రిమార్కులు:
గుర్రపుడెక్క పట్టింది. తీశాం.
శివారు రైతులు వచ్చి కేకలేశారు.
శవం. మగ. పోలీసుకి చెప్పేలోపు దిగువకి పోయింది.
వాన.
వాన.
మూలాధారాలు లేని మనుషుల చరిత్ర ఎలా రాయాలని
మూడో యూనిట్లో ముప్పై రెండు పేజీల వ్యాసం ఉంది.
అందులో ఎక్కడా వాన లేదు.

రాత్రి అన్నం దగ్గర చెప్పాను, ఓడల సంగతి.
నాన్న చారు కలుపుకుంటూ చాలాసేపు విన్నాడు.
"జీతాలు సరిగ్గా ఇచ్చేవోరా ఆళ్ళకి?"
"తెల్లోడికిచ్చే దాంట్లో మూడో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ."
"మా కాంట్రాక్టు కుర్రోళ్ళకి నాలుగు నెల్లుగా అదీ లేదు," అన్నాడు.
"నా తరవాత ఈ పోస్టు కూడా ఉండదంటమ్మా.
ఆ మాట కూడా తీసేత్తారేమో మరి."
మజ్జిగ పోసుకున్నాడు.

పదకొండు దాటాక ఫోను. పైనుంచి నీళ్ళు వదిలారు.
చొక్కా ఇంకా తడిగానే ఉంది, వేసుకుని వెళ్ళిపోయాడు.
గొళ్ళెం గొలుసు కిర్రుమనడం,
తలుపు కింద నీళ్ళు గొంతు మార్చడం
అరుగు మీద కూచుంటే వినిపిస్తాయి.
జిరాక్సు కట్ట కింద పద్దు పుస్తకం,
దాని మీద నా పెన్ను.

చీకట్లోంచి కేక:
"ఏడడుగుల రెండంగుళాలు! రాసుకోయే!"

రాసుకున్నాను.